వెబ్‌లో కొత్త కోడలు

ఆవిడని అందరూ కిటికీలమ్మ అనేవాళ్ళు. ఎదురుగా కాదు, చాటుగా. ఆ సంగతి ఆవిడ చెవిన పడనే పడింది, పడ్డా నవ్వి ఊరుకుంది. పేరు ఊరికే రాలేదు మరి. కంప్యూటర్ చేత ఏ పని చేయించాలన్నా ఆవిడ ముందు తెర మీద ఒక కిటికీ గీసేది. అందులో పేరుకో గడి, తేదీకో గడి, అడుగున రెండు బటన్లు. ఈ బటన్ నొక్కితే ఇది జరగాలి, ఆ గడి దాటితే అది సరిచూడాలి అని, ఇంట్లో పిల్లలకి పనులు పురమాయించినట్టు ఒక్కోదానికీ దాని పని అప్పజెప్పేది. అలా కిటికీ వెనక కిటికీ చేర్చుకుంటూ పోతే ప్రోగ్రాం తయారయ్యేది. ఆవిడ జుట్టు ఆ కిటికీల ముందే నెరిసింది.

ఆవిడ చేసిన వాటన్నిట్లోకీ పేరు తెచ్చింది కళ్ళద్దాల కార్ఖానా ప్రోగ్రాం. ఊళ్ళోని కళ్ళద్దాల షాపులన్నీ ఆర్డర్లు ఆ కార్ఖానాకే ఇచ్చేవి. అక్కడ లెన్సులు అరగదీసి, ఫ్రేముల్లో బిగించి, తిరిగి షాపులకి పంపేవాళ్ళు. నీళ్ళు చిమ్ముతూ గుర్రుమనే యంత్రాలు, గాజుపొడి కలిసి పాలలా తెల్లబడ్డ కాలవ, గోడ పొడుగునా రంగురంగుల ప్లాస్టిక్ ట్రేలు. ఒక్కో ట్రేలో ఒక్కో మనిషి చూపు.

ఆ ట్రేలన్నీ బయల్దేరేది ఒక్క కుర్చీ దగ్గర్నుంచి. ఆ కుర్చీలో కూచుని ఆర్డర్లు ఎక్కించే మనిషిని టకటక అని పిలిచేవాళ్ళు. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, షాపువాళ్ళు చెప్పేది వింటూ, కీబోర్డు వైపు కన్నెత్తి చూడకుండా కొట్టుకుపోయేది. కుడికన్ను పవర్, ఎంటర్. ఎడమకన్ను పవర్, ఎంటర్. కంటి గుడ్డు వంపుని సరిచేసే అద్దం ఏ కోణంలో కూర్చోవాలో ఆ అంకె, ఎంటర్. చివర్న ఎఫ్ ఫైవ్ నొక్కితే ఆర్డర్ భద్రం. అవతలివాళ్ళు ఫోను పెట్టేలోపే ఇక్కడ చీటీ అచ్చయి ట్రేలో పడేది. ఆమె చెయ్యి మౌసు మీద ఉండగా చూసినవాళ్ళు లేరు.

ఒకరోజు కార్ఖానా యజమాని కిటికీలమ్మని పిలిపించాడు. పెద్దాయన, మాట మెత్తన.

"ఏమ్మా, మన ప్రోగ్రాంకి వంక పెట్టేదేం లేదు. కానీ షాపులవాళ్ళు గోలపెడుతున్నారు. ఫోను చేస్తే లైను దొరకదట. మా ఆర్డర్ మేమే కొట్టుకుంటాం, వెబ్‌లో పెట్టండి అంటున్నారు. పక్క ఊరి కార్ఖానావాళ్ళు పెట్టేశారు కూడాను."

"వెబ్ నాకు రాదు సార్. నాకు చేతనైంది కిటికీలే."

"మీకు రాకపోతేనేం, మీ కోడలు చేసేది అదే కదా? వెన్న చేతిలో పెట్టుకుని నెయ్యి కోసం ఊరంతా తిరగడమెందుకు?"

కోడలు చేసేది నిజంగానే అదే. ఒకే ఇంట్లో ముందు గదిలో అత్త, వెనక గదిలో కోడలు, ఇద్దరూ కంప్యూటర్ల ముందే కూచునేవాళ్ళు. తిండి దగ్గర కబుర్లూ నవ్వులూ బాగానే సాగేవి గానీ పని ఊసు మాత్రం ఎత్తుకునేవాళ్ళు కాదు. వెబ్ అంటే చదువుకుని మడిచిపెట్టే కాగితాలని అత్త అభిప్రాయం. అత్త ప్రోగ్రాములు అటకెక్కాల్సిన ఇత్తడి బిందెలని కోడలి అభిప్రాయం. ఒకరి అభిప్రాయం ఒకరికి తెలుసు. తెలుసని కూడా తెలుసు. మధ్యలో కొడుకు ఉన్నాడు. అతను కొలను దగ్గర పిల్లలకి ఈత నేర్పేవాడు. "మీ ఇద్దరి పని మాటలు వింటుంటే నీళ్ళలో తల ముంచి విన్నట్టుంటుంది నాకు" అని తప్పుకునేవాడు.

సరే, పని కోడలికి వెళ్ళింది. ఆమె చకచకా చేసింది. తెల్లటి పేజీలు, పెద్ద అక్షరాలు, ఫోనులో కూడా విప్పుకునే వీలు. షాపులవాళ్ళు మురిసిపోయారు. కార్ఖానాలో ఫోన్ల మోత సగానికి పడిపోయింది. కానీ పాతకాలపు షాపులు కొన్ని ఫోను వదల్లేదు. వాటికోసం టకటక కూడా ఆ కొత్త పేజీల్లోనే ఆర్డర్లు ఎక్కించాలి. ఆమెకి కష్టాలు అక్కడ మొదలయ్యాయి.

కిటికీలమ్మ ఒకసారి అటువైపు వెళ్ళి చూసేసరికి, టకటక మౌసు పట్టుకుని ఉంది. తేలుని పట్టుకున్నట్టు పట్టుకుంది.

"చూడండమ్మా నా బతుకు," అంది టకటక. "ఎంటర్ కొడితే పక్క గడిలోకి పోదు, ఉన్నదున్నట్టు పంపించేస్తుంది. ఒక్క అంకె తప్పైతే పేజీ ఆరిపోయి మళ్ళీ వెలుగుతుంది, అప్పటిదాకా కొట్టినదంతా గాలికి. పోనీ అన్నీ సరిగ్గా కొట్టానే అనుకోండి, వేలు అలవాటు కొద్దీ ఎఫ్ ఫైవ్ మీదకి పోతుంది."

"పోతే?"

"పోతే ఏముంది! ఇదివరకు ఎఫ్ ఫైవ్ నొక్కితే భద్రమయ్యేది. ఇప్పుడు నొక్కితే పేజీ మళ్ళీ మొదట్నుంచి తెరుచుకుంటుంది. ఆర్డర్ మాయం. అవతల షాపాయన ఫోనులో, అయిందామ్మా, అయిందామ్మా అంటుంటాడు. మళ్ళీ చెప్పండి అని ఎన్నిసార్లని అడగను? నాకు చెవుడొచ్చిందని అనుకుంటున్నాడాయన."

కిటికీలమ్మ లోపల ఎక్కడో ఒక చిన్న సంతోషం తొంగిచూసింది. చూశారా, నా కిటికీల విలువ ఇప్పుడు తెలిసింది అని అది మూతి తిప్పబోయింది. ఈలోగా టకటక నవ్వుదామని పెదవి విప్పి, నవ్వలేక కళ్ళు తుడుచుకుంది. ఆ సంతోషం తోక ముడిచింది.

ఆ ఆదివారం పొద్దెక్కాక అత్తాకోడళ్ళు వంటగది బల్ల దగ్గర కూచుని బఠాణీలు ఒలుస్తున్నారు. కిటికీలమ్మ ఎప్పుడూ లేంది పని మాట ఎత్తింది.

"అమ్మాయ్, నీ పేజీ మాటిమాటికీ ఎందుకు ఆరి వెలుగుతుంది?"

కోడలు తలెత్తి చూసింది. ఎత్తిపొడుపేమో అని వెతికి, కాదని తేల్చుకున్నాక చెప్పింది. "దాని స్వభావమే అంత అత్తయ్యా. మీ ప్రోగ్రాం ఆ బల్ల మీద కంప్యూటర్లోనే కాపురముంటుంది. ఎవరు కూచున్నారో, ఏ గడిలో ఉన్నారో దానికి తెలుసు. నాది ఎక్కడో సర్వర్లో ఉంటుంది. ఇక్కడ బటన్ నొక్కితే అక్కడికి కబురు పోతుంది. అది జవాబుగా ఒక పేజీ పంపించి, ఆ క్షణమే మనల్ని మర్చిపోతుంది. మళ్ళీ నొక్కితే, ఎవరమ్మా నువ్వు అని మొదటికొస్తుంది."

"ప్రతిసారీనా?"

"ప్రతిసారీ. ఫలానా మనిషి, ఫలానా ఆర్డర్, ఇంతవరకు కొట్టింది అని మళ్ళీ మళ్ళీ గుర్తుచేస్తూ ఉండాలి. నా పనిలో సగం ఈ గుర్తుచెయ్యడమే."

"మతిమరుపు మావగారితో వేగినట్టుందే!"

కోడలికి నవ్వొచ్చింది. చేతిలో గింజలు రెండు కిందపడి దొర్లాయి. వాటిని వెతికే వంకతో ఇద్దరూ బల్ల కిందకి వంగారు. అక్కడ, వంగినప్పుడే, కిటికీలమ్మకి ఆలోచన వచ్చింది.

"ఆ గుర్తుచేసే పనంతా ఒక్కసారి రాసి అడుగున పెట్టేస్తే? ఎప్పుడూ కనపడని చోట. పైన నేను నా పద్ధతిలో కిటికీలు గీస్తాను, గడులు పెడతాను, ఈ గడి దాటితే ఇది, ఈ బటన్ నొక్కితే అది అని చెప్తాను. మధ్యలో సర్వర్ ఉందో, సముద్రం ఉందో నాకు తెలియనక్కర్లేదు. ఆ సంగతి నీ అడుగు భాగం చూసుకుంటుంది."

"ఇదివరకు కొందరు చేసి చూశారత్తయ్యా. అడుగున దాచింది ఎప్పుడో ఒకప్పుడు పైకి కారుతుంది."

"కారితే తుడుద్దాం."

కోడలు వెంటనే ఒప్పుకోలేదు. అడిగిన మనిషి అత్త కాకపోతే చర్చ పెట్టేదేమో. పోనీ ఒక్క కిటికీ, ఆర్డర్ ఎక్కించేది ఒక్కటే చేసి చూద్దాం అంది. చేశారు. అది కుదిరింది. రెండోది చేశారు. ముందు గది కంప్యూటర్ వెనక గదిలోకి చేరింది. పేజీ ఆరి వెలగడం పోయింది; మారిన గడి ఒక్కటే సర్వర్‌కి కబురు పంపేది, మిగతా తెర కదలకుండా ఉండేది. ఎంటర్ కొడితే పక్క గడి. ఎఫ్ ఫైవ్ నొక్కితే, పేజీని మళ్ళీ తెరవబోయే బ్రౌజర్ చెయ్యి పట్టుకుని ఆపి, ప్రోగ్రాం ఆర్డర్ భద్రం చేసేది. ఆ ఒక్క మీట కోసం కోడలు పట్టుబట్టి కూచుంది. అది సాధించాక కుర్చీలోనే గిర్రున తిరిగింది.

మధ్యలో ఒకసారి కోడలు ఆగి ఒక మాట అంది. "అత్తయ్యా, ఇప్పుడు తెరిచి ఉన్న ఆర్డర్ ఏదన్నది మనిషికి ఒకటి చొప్పున గుర్తుపెట్టుకుంటున్నాం కదా. ఒకే మనిషి రెండు ట్యాబులు తెరిచి ఒక్కోదాంట్లో ఒక్కో ఆర్డర్ పెట్టుకుంటే?"

"రెండెందుకు తెరుస్తారమ్మా? ఒక ఆర్డర్ ముగించి ఇంకోటి తెరుస్తారు. ఇన్నేళ్ళలో నా ప్రోగ్రాంలో ఒక్కళ్ళూ తెరవలేదు."

తెరవకపోవడానికి కారణం, ఆ ప్రోగ్రాం తెరవనివ్వకపోవడమే. ఆ సంగతి ఆవిడకి తట్టలేదు. కోడలికి తట్టింది. కానీ కొత్తగా కలిసిన స్నేహం, పచ్చి గోడలాంటిది. దాని మీద చెయ్యి ఆనించడానికి మనసొప్పక ఊరుకుంది.

కొత్తది కార్ఖానాలో పెట్టిన రోజున టకటక ముందు అనుమానంగా ఒక ఆర్డర్ కొట్టింది. రెండోది కొట్టింది. మూడోదానికి ఫోను భుజానికెక్కింది. ఆ మీటల చప్పుడు విని యంత్రాల దగ్గరవాళ్ళు కూడా తలతిప్పి చూశారు. యజమాని కిటికీలమ్మని చూసి, "వెబ్ రాదన్నారు కదమ్మా!" అన్నాడు. ఆవిడ, "మా కోడలు..." అని మొదలుపెట్టి, మిగతాది నవ్వులో కలిపేసింది. దారిలో ఎవరు పలకరించినా ఆ రోజంతా కాస్త ఎక్కువే మాట్లాడింది.

వానలు మొదలైన రోజుల్లో ఒక ఉదయం టకటక ఫోను చేసింది. గొంతులో ఎప్పటి జోరు లేదు.

"అమ్మా, ఒకసారి రాగలరా? ఇద్దరి అద్దాలు తారుమారైనట్టున్నాయి."

జరిగింది ఇది. ఒక బస్సు డ్రైవరు, రిటైరైన మనిషి, చదువుకునే అద్దాలకి ఆర్డర్ ఇచ్చాడు. తర్వాత డాక్టరు మళ్ళీ చూసి ఒక కోణం మార్చాడు. షాపావిడ ఆ మార్పు తెర మీద చేసి భద్రం నొక్కింది. అయినా అద్దాలు పాత కోణంతోనే వచ్చాయి. ఆయన కేకలేశాడు. ఆవిడేమో, నేను మార్చాను, ఈ చేత్తోనే మార్చాను అంది. టకటక వెతగ్గా వెతగ్గా ఆ కొత్త అంకెలు వేరే ఆర్డర్లో దొరికాయి. అది ఒక కుట్టుపని చేసే ఆవిడది. పేరు ఆమెదే, ఫ్రేము ఆమెదే, కంటి అంకెలు మాత్రం డ్రైవరువి. ఆ అద్దాలు తయారై, షాపు చేరి, ఆమె పెట్టుకుని వెళ్ళిపోయి కూడా కొన్నాళ్ళయింది. ఇద్దరి పవరూ దగ్గర దగ్గరే. తేడా అంతా కోణంలో ఉంది.

అత్తాకోడళ్ళు నేరుగా ఆ షాపుకే వెళ్ళారు. కిటికీలమ్మ షాపావిడ వెనక నిలబడి ఆమె పని చేస్తుంటే చూసింది. తెర నెత్తిన ట్యాబులు ఆరేసిన గుడ్డల్లా వరసగా వేలాడుతున్నాయి.

"ఇవన్నీ మీరే తెరిచారా?"

"మరేం చెయ్యనమ్మా? ఒకరు ఫ్రేము ఎంచుకునేలోపు ఇంకొకరు వస్తారు. వీళ్ళది అలా ఉంచి వాళ్ళది తెరుస్తాను. డ్రైవరుగారిది తెరిచి ఉండగానే కుట్టావిడ వచ్చింది. ఆమెది పక్కన తెరిచాను. అంతలో డ్రైవరుగారు ఫోను చేశారు. వెనక్కొచ్చి ఆయనది మార్చాను. నొక్కాను. అదేం తప్పా?"

"తప్పు కాదండీ," అంది కిటికీలమ్మ. ఆవిడకి అంతా అర్థమైపోయింది. కుట్టావిడ ఆర్డర్ చివర తెరిచారు గనక, ఈ మనిషి చేతిలో ఉన్నది అదే అని ప్రోగ్రాం నమ్మింది. డ్రైవరు అంకెల్ని తీసుకెళ్ళి అందులో పోసింది. ఎవరైనా ఒకసారికి ఒక్క కిటికీలోనే ఉంటారని దానికి నేర్పింది తనే.

బయటికొచ్చాక చూరు కింద నిలబడ్డారు. వాన సన్నగా పడుతోంది.

"నేను గట్టిగా చెప్పాల్సిందత్తయ్యా."

"చెప్పావు. విననిది నేను."

ఇంటికెళ్ళి కోడలు ముందు ఎవరూ రెండో ట్యాబు తెరవకుండా అడ్డుకట్ట వేసింది. షాపులవాళ్ళు సణిగారు, సణగనిచ్చింది. తర్వాత ఇద్దరూ కూచుని, కొత్తది పెట్టిన నాటి నుంచీ వచ్చిన ఆర్డర్లన్నీ జల్లెడ పట్టారు. ఇంకో రెండు కలగాపులగమైనవి బయటపడ్డాయి. అదృష్టం కొద్దీ అవి ఇంకా యంత్రం ఎక్కలేదు.

యజమాని కంగారు పడ్డాడు గానీ కోప్పడలేదు. "కుట్టావిడకి కొత్త అద్దాలు షాపు ద్వారా పంపించేద్దామమ్మా. యంత్రంలో పొరపాటు జరిగింది అంటే సరిపోతుంది."

"యంత్రం దానంతటది ఏం చేసింది సార్? నేను చెప్పిందే చేసింది. నేను తీసుకెళ్తాను."

కుట్టావిడ ఇల్లు మేడమెట్ల కింద ఒక్క గది. తలుపు తీసిన మనిషికి కిటికీలమ్మ వయసే ఉంటుంది. గదిలో కిటికీ వారగా కుట్టుమిషను, దాని మీద దుప్పటి కప్పి ఉంది. గోడకున్న కొక్కేలన్నీ ఖాళీ. దారపు ఉండలు మాత్రం ఒక సీసాలో రంగు ప్రకారం సర్ది ఉన్నాయి. ఆ అద్దాలు ముక్కు మీదే ఉన్నాయి.

"కళ్ళద్దాల కార్ఖానా నుంచి వచ్చానండీ. మీ అద్దాలు ఎలా ఉన్నాయి?"

"అద్దాలకేం, బాగానే ఉన్నాయి. లోపమంతా నాలోనే," అంది కుట్టావిడ. "కొత్తవి కదా, అలవాటు పడాలన్నారు. పడదామనే చూశాను. నేను తిన్నగా కుడితే గీత పక్కకి పోతుంది. సూదిలో దారం ఎక్కించబోతే రెండు సూదులు. తలనొప్పి ఒకటి. ఒక కోటుకి చెయ్యి కుడితే భుజం దగ్గర కుట్టు పాములా వంకరపోయింది. చిన్నప్పటి నుంచీ నా కుట్టు అలా పోలేదమ్మా. వయసు మీదపడింది, ఇక చాల్లే అనుకున్నాను. చేతిలో ఉన్నవన్నీ రెండు వీధుల అవతల దర్జీకి ఇచ్చేశాను."

కిటికీలమ్మ దారిలో ఎలా చెప్పాలో కూడబలుక్కున్న మాటలన్నీ ఎగిరిపోయాయి.

"వయసు కాదండీ. మీ అద్దాల్లో వేరే ఆయన అంకెలు పడ్డాయి. కంప్యూటర్లో ఆ ప్రోగ్రాం రాసింది నేను. తప్పు మీ కళ్ళలో లేదు, చేతిలో లేదు. నా పనిలో ఉంది."

కుట్టావిడ అద్దాలు తీసి చేత్తో పట్టుకుంది. ముందు అర్థం కానట్టు, తర్వాత అర్థమైనట్టు చూసింది, ఆ తర్వాత మొహం ఎర్రబడింది.

"అయితే ఇన్నాళ్ళు నేను ఏడ్చిన ఏడుపు ఎవరి ఖాతాలో వెయ్యమంటావు?"

"నా ఖాతాలోనే వెయ్యండి."

"వేస్తాను! వెయ్యననుకున్నావా? మిషను అమ్మేద్దామని మనిషిని కూడా పిలిచాను, తెలుసా? వానొచ్చి వాడు రాలేదు గానీ!"

ఆమె అనాల్సినవన్నీ అంది. కిటికీలమ్మ గుమ్మం దగ్గరే నిలబడి విన్నది. కూచోమనలేదు, కూచోలేదు. చివరికి ఆమె అలిసిపోయి చెయ్యి చాపింది. కిటికీలమ్మ కొత్త అద్దాల పెట్టె ఇచ్చింది. కుట్టావిడ అవి పెట్టుకుని గది అంతా ఒకసారి కలయజూసింది. దుప్పటి లాగేసింది. సీసాలోంచి నల్లదారం తీసి, కొస తడిచేసి, సూది ఎత్తింది. మొదటిసారికే ఎక్కింది.

సూదిని అలాగే పట్టుకుని, రెండో చేత్తో ఫోను తీసి దర్జీకి చేసింది.

"ఏం నాయనా, ఆ కోటు విప్పావా? విప్పకు. వచ్చి పట్టుకెళ్తాను. ఆఁ, ఈరోజే. అన్నీ. అన్నీ పట్టుకెళ్తాను."

ఫోను పెట్టేసి, ఇంకా గుమ్మంలోనే ఉన్న కిటికీలమ్మని చూసి, "సంచులు రెండున్నాయి. ఒకటి పట్టుకుంటావా?" అంది. ఇద్దరూ వానలో రెండు వీధులు దాటి వెళ్ళి బట్టలు తెచ్చుకున్నారు. దారిలో కుట్టావిడ ఒక్క మాటే మాట్లాడింది, గొడుగు కాస్త ఇటు వంచమని.

ఇంటికొచ్చి తల తుడుచుకుంటూ కిటికీలమ్మ వెనక గదిలోకి వెళ్ళింది. కోడలి పక్కన కుర్చీ లాక్కుని కూచుంది.

"ఆ అడుగు భాగం నాకు నేర్పమ్మా. ఎప్పుడూ కనపడక్కర్లేదని నేనే అన్నాను. అక్కడ ఏం జరుగుతుందో తెలియకుండా పైన కూచుని గీస్తే ఇంతే."

"కొంచెం విసుగు పుట్టిస్తుందత్తయ్యా."

"పుట్టనీ. వెబ్‌కి నేనే కదా ఇప్పుడు కొత్త కోడల్ని. ఏ గిన్నె ఎక్కడుందో అడుగుతూనే ఉంటాను, కసురుకోకు."

కసురుకుంది, అప్పుడప్పుడు. ఆవిడా ఊరుకోలేదు. అడిగిందే అడిగి చంపుతున్నారని కోడలు, చెప్పేటప్పుడు సగం మాటలు మింగేస్తున్నావని అత్త. రెండుసార్లు కొడుకు వచ్చి పంచాయితీ చెయ్యబోయి, ఎవరి పక్షం మాట్లాడాలో తెలియక తడి తువ్వాలు భుజానేసుకుని కొలనుకి పోయాడు. కానీ పని కదిలింది. ఒక మనిషికి ఒక కిటికీ అన్న లెక్క తీసేశారు. తెరిచిన ప్రతి కిటికీ తన ఆర్డర్ తనే మోసుకునేది, ఏ కబురు పంపినా ఫలానా ఆర్డర్ కోసం అని చెప్పుకునే వెళ్ళేది. ఒకే ఆర్డర్‌ని ఇద్దరు మారిస్తే ప్రోగ్రాం ఎవరి మాటా మింగెయ్యకుండా, రెండూ పక్కపక్కన చూపించి, ఏది ఉంచమంటారని అడిగేది. ఆ అడిగే కిటికీ గీసింది అత్త. అందులో మనిషి పేరు అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో పెట్టింది. దాని వెనక కబుర్లు మోసే భాగంలో సగం కూడా ఆవిడే రాసింది. కోడలు చదివి రెండు చోట్ల దిద్ది, మూడో చోట దిద్దబోయి, ఆవిడ రాసిందే బాగుందని వదిలేసింది.

మళ్ళీ పెట్టేముందు ఈసారి తిన్నగా కార్ఖానాకి పోలేదు. ముందు షాపావిడ దగ్గర కూచున్నారు. ఆమె ఇష్టమొచ్చినన్ని ట్యాబులు తెరిచింది, మధ్యలో వదిలేసి కాఫీకి వెళ్ళింది, ఫోనులో మొదలుపెట్టింది కంప్యూటర్లో ముగించింది. ఏ అంకె చోటు మారలేదు. షాపావిడ, "పరవాలేదే," అంది. ఆమె అంతకన్నా పెద్ద మెచ్చుకోలు చెయ్యగా ఎవరూ ఎరగరు.

ఆ ఏడు చలి మొదలయ్యేటప్పటికి టకటక వాళ్ళక్క కాలు విరిగింది. అక్క ఉండేది దూరపు ఊళ్ళో, చూసుకునే దిక్కు లేదు. ఇదివరకైతే ఆ కుర్చీ వదిలి కదలడం కుదిరేది కాదు. ప్రోగ్రాం ఆ బల్ల మీదే ఉండేది గనక సెలవు పెడితే కార్ఖానా సగం మూగబోయేది. ఈసారి ఆమె కార్ఖానా ఫోన్లు తన ఫోనుకి మళ్ళించుకుని, ఒక లాప్‌టాప్‌నీ తనకి అలవాటైన కీబోర్డునీ సంచిలో వేసుకుని బస్సెక్కింది.

మర్నాడు పదిగంటలకి కిటికీలమ్మ ఉండబట్టలేక ఫోను చేసింది.

"ఎలా ఉంది టకటకా? అక్కడ పనిచేస్తోందా?"

"చేస్తోందమ్మా. అక్క మంచం పక్కనే బల్ల వేసుకున్నాను. ఈ చప్పుడికి నిద్ర పట్టడం లేదని తిడుతోంది, అదొక్కటే..." అంటుండగానే అవతల ఇంకో ఫోను మోగింది. "ఉండండి, షాపాయన. తర్వాత చేస్తాను."

పెట్టేసింది. కిటికీలమ్మ తెర వైపు తిరిగింది. కొత్త ఆర్డర్ ఒకటి వరసలో చేరింది, దాని వెనకే ఇంకోటి. పక్క కుర్చీలోంచి కోడలు, "అత్తయ్యా, కట్టుడు పళ్ళ సెట్లు చేసే ఆయన తనకీ ఇలాంటి ప్రోగ్రాం కావాలని వచ్చి ముందు గదిలో కూచున్నాడు. మనం ఇద్దరం వస్తేనే గానీ మాట్లాడడట," అంది.

"పద," అని ఆవిడ లేచింది.